సోల నుంచి కుంచం దాకా: పిల్లల లెక్కలు, కంప్యూటర్ చదువుపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. బడిపిల్లలకు గణితం మీద, కంప్యూటర్ శాస్త్రం మీద ఆసక్తి కలిగించడం ఎలా? అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఐదో తరగతి దాకా లెక్కల్లో బాగానే ఉండేది. ఇప్పుడు లెక్కల పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. ట్యూషన్ పెట్టించినా మార్పు లేదు. నేను పదో తరగతితో చదువు ఆపేశాను, మావారు ఆటో నడుపుతారు. మాకు రాని లెక్కలు దానికి మేమెలా నేర్పగలం?
— ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, ఐదో తరగతి దాకా బాగా చేసి ఆ తరువాత వెనకబడిన పిల్లల నోటుపుస్తకాలు తిరగేస్తే, చాలాసార్లు చిక్కు భిన్నాల దగ్గర మొదలైనట్టు కనబడుతుంది. అంతవరకు అంకె పెద్దదైతే విలువ కూడా పెద్దదేనని నమ్మిన పిల్లకు, 1/3 కన్నా 1/4 చిన్నదని చెబితే అది అన్యాయంగానే తోస్తుంది. ఆ చోట ఎవరూ ఆగి వివరించకపోతే, తరువాత వచ్చే దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, బీజగణితం అన్నీ భిన్నాల మీదే ఆధారపడినవి కనుక, ప్రతి పాఠమూ అర్థంకాని పాఠమే అవుతుంది. ట్యూషన్‌లో కూడా ఏడో తరగతి పాఠాన్నే మళ్లీ చెబుతారు గాని, ఐదో తరగతిలో ఆగిపోయిన చోటికి వెనక్కి వెళ్లరు. మార్పు లేకపోవడానికి కారణం బహుశా అదే.

ముందుగా ఒక చిన్న పని చేయండి. దాన్ని పరీక్ష అని మాత్రం ఆమెతో అనకండి. 1/2 + 1/4 ఎంతో కాగితం మీద రాయమనండి. చాలామంది పిల్లలు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడి 2/6 అని రాస్తారు. మీ అమ్మాయి కూడా అలాగే రాస్తే కోప్పడకుండా, బజారులో అరకిలో వంకాయలు, పావుకిలో టమాటాలు కొంటే సంచిలో బరువెంత ఉంటుందని అడగండి. ముప్పావుకిలో అని తడుముకోకుండా చెబుతుంది. అప్పుడు రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, 2/6 అనేది సగం కన్నా ఎక్కువా, తక్కువా అని మాత్రం అడిగి ఊరుకోండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం ఆమెకే కలగాలి. అందుకు పది నిమిషాలు పట్టినా, మర్నాటికి వాయిదా పడినా ఫరవాలేదు. జవాబు మాత్రం మీరు చెప్పవద్దు. మీకు లెక్కలు అంతగా రాకపోవడం ఇక్కడ మీకు కలిసివచ్చే విషయమే. లెక్కలు బాగా వచ్చిన తండ్రులు రెండో నిమిషంలోనే పిల్లల చేతిలోంచి పెన్సిల్ లాక్కుంటారు.

ఇక కడుపునొప్పి సంగతి. దాన్ని నటన అని కొట్టిపారేయకండి, ముందు వైద్యుడికి చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే, ఆమె భయం లెక్కను చూసి కాకుండా, నలుగురిలో లేచి తప్పు చెప్పవలసి వస్తుందేమోనని కావచ్చు. ఒకసారి బడికి వెళ్లి లెక్కల మాస్టారితో విడిగా మాట్లాడండి. ఒక నెల రోజులు భిన్నాల లెక్కలు మాత్రమే చేయనివ్వమని, ఆ నెల ఆమెను బోర్డు దగ్గరికి పిలవవద్దని అడగండి. ఇలా అడిగే తల్లిదండ్రులు తక్కువ గనుక, మాస్టార్లు సాధారణంగా కాదనరు. ఇంట్లో మాత్రం “మా వంశంలోనే ఎవరికీ లెక్కలు రావు” అన్న మాట ఆమె చెవిన పడకూడదు.

చదువుకోని తల్లి ఏం చేయగలదని మీరు అడిగారు కనుక ఒక విషయం చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, తరువాత గణాంక శాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి.ఆర్. రావు గారికి 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక పురస్కారం లభించింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు తనను లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లికి ఆయన తన పుస్తకం ఒకటి అంకితం చేశారు. ఆ తల్లి చేసినది దీపం వెలిగించడం, ఆ వేళను కాపాడడం. మీరు కూడా అంతవరకు చేయగలరు.

ప్రశ్న: నేను టెక్కలి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా బడిలో కంప్యూటర్లు ఉన్నాయి గాని పనిచేసేవి తక్కువ. కరెంటూ నెట్టూ రెండూ ఉన్న పీరియడ్ దొరకడం ఇంకా తక్కువ. తరగతి గదిలోని పెద్ద తెర మీద వీడియోలు చూపించగలను. కంప్యూటర్ శాస్త్రం మీద పిల్లలకు ఆసక్తి కలగడానికి అది సరిపోతుందా?
— గణితోపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, వీడియో చూపిస్తే పిల్లలు వీడియో చూస్తారు, అంతే. కంప్యూటర్ శాస్త్రంలోని ముఖ్యమైన ఆలోచనలను యంత్రం లేకుండానే నేర్పవచ్చునని న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, మరి ఇద్దరు సహచరులతో కలిసి ‘సి.ఎస్. అన్‌ప్లగ్డ్’ అనే పేరుతో చేసి చూపించారు. ఆ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మొదటి ఆటకు 1, 2, 4, 8, 16 చుక్కలు గీసిన ఐదు అట్టముక్కలు కావాలి. మనకు ఆ అట్టముక్కలు కూడా అక్కరలేదు. మన ధాన్యం కొలతలు చాలు.

రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కొలతల లెక్క ఊరూరికీ కొంత మారవచ్చు. మీ ఊళ్లో ఎలా ఉండేదో ఇంట్లో పెద్దవారిని అడిగి రమ్మని పిల్లలకు ముందురోజే చెప్పండి. మర్నాడు ఐదుగురిని వరుసగా నిలబెట్టి, ఎడమ నుంచి కుడికి కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల అని పేర్లు పెట్టండి. నియమం ఒక్కటే. ఏ కొలతనైనా ఒక్కసారి వాడవచ్చు, లేదా వాడకుండా వదిలేయవచ్చు, అంతేగాని రెండుసార్లు వాడకూడదు. ఇప్పుడు పంతొమ్మిది సోలల బియ్యం కొలవాలి. ఎవరు నిలబడాలి, ఎవరు కూర్చోవాలి? మొదట కొంత గందరగోళం జరుగుతుంది, జరగనివ్వండి. చివరికి కుంచం, తవ్వ, సోల నిలబడతారు, అడ్డ, మానిక కూర్చుంటారు. నిలబడినవారికి 1, కూర్చున్నవారికి 0 అని బోర్డు మీద రాస్తే 10011 అవుతుంది. కంప్యూటర్ పంతొమ్మిదిని దాచుకునేది ఈ రూపంలోనే.

అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది కనుక ఇక్కడ తొందరపడవద్దు. పంతొమ్మిదిని ఇంకో విధంగా కొలవగలమా అని అడగండి. కొందరు ప్రయత్నించి కుదరదంటారు. “కుదరదని ఎలా చెప్పగలవు? నీకు తోచకపోయి ఉండవచ్చు కదా” అని పట్టుబట్టండి. ఎవరో ఒకరు, సాధారణంగా ఎప్పుడూ నోరు తెరవని వెనక బెంచీ పిల్లే, కుంచాన్ని కూర్చోబెట్టేస్తే మిగిలిన నలుగురూ నిలబడినా 8, 4, 2, 1 కలిపి పదిహేనే అవుతుంది గనుక కుంచం నిలబడక తప్పదని చెబుతుంది. అదే తర్కం అడ్డకు, మానికకు వరుసగా వర్తిస్తుంది. మీరు ఆ మాట అనకపోయినా, ఆ పిల్ల ఒక ఉపపత్తి, అంటే నిరూపణ, చెప్పింది. అప్పుడు ఐదుగురితో కొలవగలిగే అత్యధికం ఎంత అన్న ప్రశ్న వేయండి. 31 అని వస్తుంది. ఆరో కొలత చేరిస్తే ఎంత, పదో కొలత చేరిస్తే ఎంత అని వాళ్లే లెక్కిస్తూ పోతారు. పదింటితో 1023 దాకా వెళ్లవచ్చునని తేలినప్పుడు తరగతిలో వచ్చే చప్పుడు ఏ వీడియో వల్లా రాదు.

తరువాతి పీరియడ్‌కు మీ తెలుగు మాస్టారిని కూడా పిలవండి. ఉన్నత పాఠశాల పిల్లలకు గురులఘువులు, గణవిభజన తెలుసు. లఘువుకు 0, గురువుకు 1 అని రాస్తే నగణం 000, సగణం 001, యగణం 011, మగణం 111 అవుతాయి. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయి, తొమ్మిదోది ఎందుకు లేదు అని ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అడిగితే, ఒక్కో స్థానంలో రెండు అవకాశాలు, స్థానాలు మూడు, కనుక 2×2×2 అన్న జవాబు వాళ్ల కళ్లముందే ఉంటుంది. ఇలా అన్ని అమరికలనూ ఒక్కటీ వదలకుండా క్రమంగా రాసే పద్ధతిని ప్రస్తారం అంటారు. క్రీస్తుపూర్వ కాలపు ఛందశ్శాస్త్రకారుడు పింగళుడు దాన్ని సూత్రాల్లో చెప్పడమే కాక, ప్రస్తారంలో ఫలానా వరుసలో ఉండే అమరిక ఏదో, ఫలానా అమరిక ఎన్నో వరుసలో ఉంటుందో పట్టిక మొత్తం రాయకుండానే తేల్చే పద్ధతులను కూడా ఇచ్చాడు. అయితే, మనవాళ్లు ఆనాడే కంప్యూటర్ కనిపెట్టారని మాత్రం పిల్లలకు చెప్పవద్దు. అది నిజం కాదు, దాని అవసరం కూడా లేదు.

అదే పాఠంలో ‘యమాతారాజభానసలగం’ అన్న సూత్రాన్ని బోర్డు మీద రాయించండి. యమాతా తీసుకుంటే యగణం, మాతారా తీసుకుంటే మగణం, తారాజ తగణం. ఇలా ఒక్కో అక్షరం జరుపుకుంటూ పోతే ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. ఎనిమిది గణాలను విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు కావాలి, ఇక్కడ పదింటితోనే సరిపోయింది. నాలుగక్షరాల అమరికలు పదహారు ఉంటాయి. వాటికి ఇలాంటి సూత్రం కట్టాలంటే ఎన్ని అక్షరాలు చాలునో ఇంటిపనిగా ఇవ్వండి. పందొమ్మిది అక్షరాలతో కట్టవచ్చు, అయితే ఆ సంఖ్య ముందే చెప్పవద్దు. ఇటువంటి వరుసలు ఎన్ని ఉంటాయో డచ్ గణితవేత్త డి బ్రాయిన్ 1946లో లెక్కకట్టాడు. ఆయన పేరుతోనే పిలిచే గ్రాఫులను (చుక్కలను బాణాలతో కలిపే చిత్రాలను) నేడు డి.ఎన్.ఎ. ముక్కలను జతపరచి జన్యుక్రమాన్ని తేల్చే ప్రోగ్రాముల్లో వాడుతున్నారు. పద్యపాదం మీద గురులఘువులు గుర్తించే పిల్లకు ఈ సంగతి చెబితే, తెలుగు పీరియడ్‌కూ లెక్కల పీరియడ్‌కూ మధ్య తాను అనుకున్నంత దూరం లేదని తెలుస్తుంది.

ఇంకొక పీరియడ్‌కు నోటుపుస్తకాలు చాలు. ఎనిమిది పుస్తకాలను రోల్ నంబర్ల వరుసలో పేర్చమనండి, కానీ ఒకసారికి రెండు పుస్తకాలను మాత్రమే పోల్చిచూడాలని, ఎన్ని పోలికలు అయ్యాయో ఇంకొకరు గీతలు గీయాలని షరతు పెట్టండి. ప్రతి పుస్తకాన్నీ మిగిలిన అన్నింటితో పోల్చేవారికి 28 పోలికలు అవుతాయి. ముందు జతలుగా సర్ది, జతలను కలిపి నాలుగేసి చేసి, ఆ రెండు నాలుగులను కలిపి ఎనిమిది చేసేవారికి ఎంత దురదృష్టం వెంటాడినా 17 దాటవు. ఎనిమిదికి ఈ తేడా చిన్నదిగానే కనబడుతుంది. 64 పుస్తకాలకు లెక్కించమనండి. మొదటి పద్ధతికి 2,016, రెండో పద్ధతికి గరిష్ఠంగా 321. వేగవంతమైన యంత్రం కొనడం కన్నా మంచి పద్ధతి ఆలోచించడం మేలని ఎందుకంటారో ఈ రెండు సంఖ్యలే చెబుతాయి.

ఇవన్నీ అయిన తరువాత, పనిచేస్తున్న ఆ కొద్ది కంప్యూటర్ల ముందు ఒక్కోదాని దగ్గర ముగ్గురేసి పిల్లలను కూర్చోబెట్టండి. అప్పటికి వాళ్ల దగ్గర యంత్రంతో చేయించడానికి ఒక పని ఉంటుంది. పనేమీ లేకుండా కంప్యూటర్ గదికి తీసుకువెళ్తే, పిల్లలు బొమ్మలు గీసి, రంగులు వేసి తిరిగివస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. ఇప్పటి నుంచే కోడింగ్ నేర్పకపోతే వెనకబడిపోతాడని ఒక ఆన్‌లైన్ సంస్థవారు రోజూ ఫోన్ చేస్తున్నారు. వాళ్లు చెప్పిన ఫీజు నా మూడు నెలల సంపాదన. వాయిదాల్లో కట్టవచ్చునంటున్నారు. చేర్పించమంటారా?
— జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఒక తండ్రి, పలాస

జవాబు: వద్దు. ఆరో తరగతి పిల్లవాడు కోడింగ్ రాక వెనకబడిపోడు. భయపెట్టి, వాయిదాలు చూపించి అమ్మే చదువును ఏ వయసులోనూ కొనకండి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి బడిలోనే పరిచయం చేయాలి. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం 2007లో పిల్లల కోసం విడుదల చేసిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటికీ ఉచితమే. అందులో రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అమర్చి బొమ్మలను కదిలించవచ్చు. కొంత పెద్దయ్యాక నేర్చుకోవలసిన పైథాన్ భాష కూడా ఉచితమే. మీ చుట్టుపక్కల ఏ ఉన్నత పాఠశాలలోనైనా, పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి వీటికి నిధులు ఇస్తోంది. మీ అబ్బాయి దేనిలో చేరినా, సర్టిఫికెట్ తెచ్చి చూపించినప్పుడు కాక, “నాన్నా, ఇది నేను చేశాను చూడు” అని పిలిచినప్పుడు అది పనికొచ్చే చదువని తెలుసుకోండి.

ప్రశ్న: మా కాలంలో ఇరవై దాకా ఎక్కాలతో పాటు పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా అప్పజెప్పేవాళ్లం. మా మనవడు ఎనిమిదో తరగతికి వచ్చినా ఏడో ఎక్కం దగ్గర తడబడతాడు, ఫోన్ తీసి గుణిస్తాడు. ఎక్కాలు అక్కరలేని రోజులు వచ్చాయంటారా?
— విశ్రాంత ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: అయ్యా, అటువంటి రోజులు రాలేదు. బీజగణితంలో కారణాంకాలు వెతికేటప్పుడు 56 అనగానే ఏడెనిమిదులు గుర్తురాని పిల్లవాడు ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోతాడు. అయితే కంఠతా పట్టించే ముందు, 17×6 అంటే పది ఆర్లు, ఏడు ఆర్లు కలిపినదని వాడి చేతే చెప్పించండి. అప్పుడు ఒకవేళ మరచిపోయినా తిరిగి రాబట్టుకోగలడు.

మీరు బొబ్బిలివారు కనుక ఇంకొక సూచన. ఈ సెలవుల్లో మనవడిని గొల్లపల్లిలో వీణలు చేసేవారి దగ్గరికి తీసుకువెళ్లి, చేతికి ఒక టేపు ఇవ్వండి. కుండ మీద తీగ ఆనే చోటు నుంచి ఒక్కో మెట్టు ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకోమనండి. పన్నెండో మెట్టు తీగను ఇంచుమించు సరిగ్గా సగం చేస్తుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ఒక్కో పొడవు దాని ముందుదానిలో సుమారు పద్దెనిమిదింట పదిహేడు వంతులు ఉంటుంది. మెట్లను చెవితో విని సర్దుతారు గనుక కొలతల్లో కొద్ది తేడాలు వస్తాయి, అవి కూడా రాయమనండి. ఇలా ఒకే వంతున మారే సంఖ్యల వరుసకు గుణశ్రేఢి అన్న పేరు ఎప్పుడో ఒకనాడు పాఠంలో వస్తుంది. దాని పట్టిక మాత్రం అప్పటికే వాడి నోటుపుస్తకంలో ఉంటుంది. ఆ భాగహారాలకు ఫోన్ వాడుకోనివ్వండి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. కంప్యూటర్ ఇంజనీరు కావాలని ఉంది. కానీ ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన ప్రోగ్రామును క్షణంలో రాసిస్తోందని, మేము చదువు పూర్తిచేసేసరికి ఆ పనే ఉండదని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?
— విద్యార్థి, నరసన్నపేట

జవాబు: బాబూ, నువ్వు చదువు ముగించేనాటికి ఏ ఉద్యోగం ఉంటుంది, ఏది ఉండదు అన్నది మీ అన్నయ్యా చెప్పలేడు, నేనూ చెప్పలేను. రాసిచ్చిన ప్రోగ్రాము సరైనదో కాదో ఎవరు తేల్చాలన్న ప్రశ్న మాత్రం ఉండే ఉంటుంది. దాన్ని నువ్వే ప్రయత్నించి చూడవచ్చు. ఇచ్చిన సంవత్సరం లీపు సంవత్సరమో కాదో చెప్పే ప్రోగ్రాము కావాలనుకుందాం. నాలుగుతో భాగించబడితే లీపు సంవత్సరం అని రాసి, నీ పుట్టిన సంవత్సరం, ఈ సంవత్సరం, 2000, 2024 ఇచ్చి చూస్తే అన్నింటికీ సరైన జవాబే వస్తుంది. నిజానికి 1901 నుంచి 2099 దాకా ఏ సంవత్సరం ఇచ్చినా తప్పు బయటపడదు. 1900 గాని, 2100 గాని ఇస్తేనే బయటపడుతుంది, ఎందుకంటే వందతో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం అవుతుంది. ఏయే సంఖ్యల దగ్గర పరీక్షించాలో తెలియాలంటే భాజనీయత సూత్రాలు నోటికి వస్తే చాలదు, అర్థం కావాలి.

ఇదేదో పుస్తకాల కోసం పుట్టించిన ఉదాహరణ అనుకోవద్దు. మీ బడి కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి, ఒక గడిలో 60 అని కొట్టి, ఆ గడిని తేదీ రూపంలోకి మార్చు. 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అటువంటి తేదీ ఏనాడూ లేదు. అంతకుముందు వాడుకలో ఉన్న లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగా లెక్కించింది. పాత ఫైళ్లతో పొంతన తప్పకూడదని ఎక్సెల్‌లో కూడా దాన్ని అలాగే తెలిసి ఉంచారు.

ఇక కృత్రిమ మేధ లోపల ఏముందని చూస్తే, ఇంటర్ ఎం.పి.సి.లో నువ్వు చదవబోయే మాత్రికలు, సంభావ్యత, అవకలనం ఉన్నాయి. కనుక మీ అన్నయ్య మాట నిజమైనా కాకపోయినా, వచ్చే రెండేళ్లు నువ్వు చేయవలసిన పని మారదు.

ప్రశ్న: నేను చీపురుపల్లి దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతన పరీక్షలో ఎంపికయ్యాను. నాకు లెక్కలంటే చాలా ఇష్టం. ఇంట్లో మాత్రం ఆడపిల్లకు లెక్కలూ కంప్యూటర్లూ అంటే హైదరాబాదో బెంగళూరో పంపాలి, మనవల్ల కాదు, బై.పి.సి. తీసుకుని నర్సింగు చేయమంటున్నారు. నాకు దారి చెప్పండి.
— విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, ముందుగా మీ ఇంట్లోవారిని తప్పుపట్టను. నర్సింగు గౌరవమైన వృత్తి, త్వరగా ఉద్యోగం వచ్చే చదువు. కూతురు దగ్గరలో ఉండాలని, ఖర్చు భరించగలిగేలా ఉండాలని వాళ్లు కోరుకోవడంలో తప్పులేదు. కానీ వాళ్లు భయపడుతున్న రెండు విషయాలకూ, అంటే దూరానికీ డబ్బుకూ, మీ దగ్గరలోనే జవాబు ఉంది.

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని, అంటే మనవాళ్లు ట్రిపుల్ ఐటీ అని పిలిచేదాన్ని, గ్రామీణ విద్యార్థుల కోసమే 2008లో స్థాపించారు. దాని శ్రీకాకుళం ప్రాంగణం ఎచ్చెర్లలో నడుస్తోంది. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కుల ఆధారంగానే తీసుకుంటారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి కొంత అదనపు స్కోరు కలుపుతారు. మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, తరువాతి నాలుగేళ్లు బి.టెక్., మొత్తం ఆరేళ్లూ హాస్టల్‌లోనే ఉండి చదవాలి. చీపురుపల్లి నుంచి ఎచ్చెర్లకు పూట ప్రయాణం కూడా కాదు. ఆ విశ్వవిద్యాలయ ఆలోచనకు, ఏర్పాటుకు వెనక ఉన్నవారిలో ముఖ్యులు రాజ్ రెడ్డి గారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందినవారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకుమించిన పురస్కారం లేదు.

ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదన్నది కూడా తెలుసుకో. లెక్కలనే లెక్కల కోసం చదవాలని ఉంటే, ఇంటర్ తరువాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్. (గణాంక శాస్త్ర డిగ్రీ) కోల్‌కతాలోనూ బి.మాత్. (గణిత డిగ్రీ) బెంగళూరులోనూ ఉన్నాయి; ఎంపికైనవారికి చదివినంతకాలం స్టైపెండ్ కూడా ఇస్తారు. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ శాస్త్రం రెండూ కలిపి డిగ్రీ చదవవచ్చు. వీటి ప్రవేశ పరీక్షలు కఠినమైనవే. కంఠతా పట్టినవారు నెగ్గలేరు, ఒక లెక్క దగ్గర గంటసేపు కూర్చోగలిగినవారు నెగ్గుతారు. ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద పై 1 శాతంలో నిలిచి, డిగ్రీలో గణితం వంటి మౌలిక శాస్త్రాలు తీసుకునేవారికి కేంద్రం ఇన్‌స్పైర్ పథకం కింద ఏటా 80,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. ఈ మాట మీ నాన్నగారికి రెండుసార్లు చెప్పు.

ఇప్పుడే చేయదగినవి కొన్ని ఉన్నాయి. నీ ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతనం ఏడాదికి 12,000 రూపాయలు, ఇంటర్ దాకా వస్తుంది; కానీ ప్రతి ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పునరుద్ధరించుకోవాలి. గడువు దాటి ఆ డబ్బు పోగొట్టుకునేవారు చాలామంది ఉంటారు గనుక, తేదీని మీ ప్రధానోపాధ్యాయుడిని అడిగి గోడ మీద రాసిపెట్టుకో. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వారు రాయగలిగే గణిత ఒలింపియాడ్ మొదటి దశ పరీక్ష ఐ.ఓ.క్యూ.ఎం. ఒకటి ఉంది, ఎంపిక కాకపోయినా పాత ప్రశ్నపత్రాలు సంపాదించి వారానికి ఒక్క లెక్కతో కుస్తీ పట్టు. కంప్యూటర్ శాస్త్రానికి సంబంధించిన జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో ప్రోగ్రామింగ్ రానివారు కూడా కాగితం మీద ఆలోచించి జవాబు కనిపెట్టగలిగే ప్రశ్నలు ఇస్తారు. మీ ఇంట్లో కంప్యూటర్ లేకపోవడం దానికి అడ్డంకి కాదు.

ఆడపిల్లకు కంప్యూటర్లెందుకు అన్నవారికి చెప్పడానికి ఒక సంగతి. అమెరికాలో 1946లో ప్రజలకు చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కు ప్రోగ్రాములు సిద్ధంచేసిన ఆరుగురూ మహిళలే. అంతకుముందు వాళ్లు ఫిరంగి గుళ్ల గమనాన్ని చేత్తో లెక్కకట్టే ఉద్యోగాలు చేసేవారు. మన దేశంలో, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే పనిచేసే నీనా గుప్తా గారికి బీజీయ జ్యామితిలో చేసిన పరిశోధనకు 2021 రామానుజన్ బహుమతి వచ్చింది.

ఇంట్లో వాదనకు దిగవద్దు. ఒక సెలవురోజు మీ అమ్మగారినీ నాన్నగారినీ ఎచ్చెర్ల తీసుకువెళ్లు. లోపలికి వెళ్లి చూడడానికి అనుమతి కావాలేమో ముందుగా మీ మాస్టారి చేత కనుక్కోమను. మీ మండలం నుంచి వెళ్లి అక్కడ చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే, మీ అమ్మగారిని ఆ అమ్మాయి తల్లితో మాట్లాడించు. హాస్టల్ ఎలా ఉంటుంది, సెలవులకు ఎలా వస్తారు, ఖర్చెంత అవుతుంది అన్నవి ఆవిడ నోట వినడం వేరు, నీ నోట వినడం వేరు. నోటిఫికేషన్ పదో తరగతి ఫలితాల తరువాత వస్తుంది; కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఆ వేసవికి ముందే తీసి ఉంచుకోండి.